గట్టు మీద గోల్‌కీపర్

మా అన్నయ్య నిరంజన్ ఉదయం ఏడింటికి ఫోన్ చేసి, "బావ గట్టు మీద నిలబడ్డాడు చెల్లీ, నువ్వేం కంగారు పడకు" అన్నాడు. కంగారు పడొద్దని చెప్పడానికి పనిగట్టుకుని ఫోన్ చేసేవాళ్లను నేనెన్నడూ నమ్మలేదు. ఏలూరులో మా అద్దె ఇంటికి తాళం వేశానో లేదో కూడా గుర్తులేదు. కొల్లేటి మధ్య మా పుట్టింటి ఊరికి వెళ్లే ఆటో ఎక్కాక చూసుకుంటే, ఒక కాలికి నా చెప్పు, రెండో కాలికి ఆయన చెప్పు ఉన్నాయి.

ఆయనంటే నెహెమ్యా, నా భర్త. పుట్టింది తాడేపల్లిగూడెంలో. కలకత్తాలో పేరున్న ఫుట్‌బాల్ క్లబ్బుకు పదకొండేళ్లు గోల్‌కీపర్. మోకాలు దెబ్బతిని 2003లో ఆట మానేసి వచ్చేశారు. దాచుకున్నదంతా కొల్లేటిలో ముప్పై ఎకరాల చేపల చెరువు మీద పెట్టారు. రెండేళ్లు తిరక్కుండానే, ఈ 2006 వేసవిలో, సరస్సు లోపల తవ్విన చెరువుల గట్లన్నీ కొట్టేయాలని ఉత్తర్వు వచ్చింది. పొక్లెయిన్లు ఒక్కో ఊరి గట్లూ తెగ్గొట్టుకుంటూ మా ఊరి దాకా వచ్చాయి.

అప్పుడు ఊరి పెద్దలకు ఒక ఆలోచన తట్టింది. పేపర్లో ఫొటో పడ్డ మనిషిని ముందు నిలబెడితే పోలీసులు చెయ్యి వెయ్యరట. ఆ మనిషికి కుడి మోకాలు సరిగ్గా వంగదనీ, యంత్రం మీదికొస్తే పక్కకు దూకలేడనీ ఒక్కరికీ తట్టలేదు. నాకు దారి పొడుగునా అదే కళ్లముందు ఆడింది. "కొంచెం తొందరగా పోనివ్వండి" అని ఆటో అతన్ని ఎన్నిసార్లు అడిగానో.

ఆయన్ని అక్కణ్ణించి దించగలిగే మాట నా దగ్గర ఒకటుంది. దాన్ని రెండేళ్లుగా గొంతులోనే అట్టిపెట్టుకున్నాను. అది చెబితే ఆయన ప్రాణం దక్కవచ్చు, నా కాపురం దక్కుతుందో లేదో తెలియదు.

మా ఊరి చర్చిలో ఏటా వేసవిలో దాళ్వా పంట కోతలయ్యాక కోతపండుగ చేస్తారు. అందరూ కానుకగా తెచ్చిన ధాన్యం, కోడిపుంజులు, గుమ్మడికాయలు ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. వేలం పాడించేది సంఘపెద్ద ఏసోబుగారు. "ఒకటోసారి, రెండోసారి" అని ఆగి, నవ్వుతూ మా ఆయన వైపు తిరుగుతారు. ఏసోబుగారితో పాటు చర్చంతా తిరుగుతుంది. ఇరవై రూపాయల గుమ్మడికాయను మా ఆయన రెండువేలకు పాడతారు. చప్పట్లు. దేవుడి పని కాబట్టి ఎవరూ తప్పుపట్టరు. నేనైతే మంచి చీర కట్టుకుని పక్కనే నిటారుగా కూర్చునేదాన్ని.

2004లో ఆ ముప్పై ఎకరాల ఊరుమ్మడి చెరువును ఐదేళ్ల లీజుకు వేలం వేశారు. అదే చర్చి ఆవరణ, అదే ఏసోబుగారు, అవే మొహాలు. ముందురోజు అన్నయ్య నన్ను పెరట్లోకి పిలిచాడు. "తాతారావు చేత పోటీ పాడిస్తాం. బావ ఎక్కడా తగ్గడు. చర్చికి శ్లాబు పడుద్ది, మన వాటా మనకొస్తది. నువ్వు మాత్రం నోరు మెదపకు" అన్నాడు. "పాపం అన్నయ్యా" అన్నాను. అన్నది అంతే. మర్నాడు సొంత సైకిలు కూడా లేని తాతారావు లక్షల్లో పాట పెంచుతుంటే, సిగ్గులేదు నాకు, నవ్వొచ్చింది. మా ఆయన చెయ్యి ఎత్తుతూనే ఉన్నారు.

కలకత్తాలో ఆయన ఇంటద్దె, రైలు టిక్కెట్టు, మోకాలికి రాసే మందు, అన్నీ క్లబ్బు మేనేజరే చూసేవాడట. బ్యాంకులో చలానా రాయడం ముప్పై నాలుగో ఏట నేను నేర్పాను. బంతి తప్ప ఇంకేదీ ముట్టుకోనివ్వకుండా పెంచిన మనిషిని తెచ్చి మా ఊరి మధ్య నిలబెట్టారు. ఆయన్ని ముంచిందెవరని అడిగితే క్లబ్బు పేరూ చెబుతాను, మా అన్నయ్య పేరూ చెబుతాను. మూడో పేరు దగ్గరే నాకు నోరు రాదు.

చెరువు దగ్గర ఆటో దిగేసరికి గట్టు కింద ఎస్సై ఉన్నాడు, పొక్లెయిన్ ఉంది. గట్టు మీద మా ఆయన. చేతులు రెండూ చాపి, కాళ్లు ఎడం చేసి, గోలు ముందు నిలబడ్డట్టే నిలబడ్డారు. ఎండకు చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"ఆయన్ని దింపండమ్మా. పది నిమిషాలు చూస్తాం. మాకూ పైనుంచి ఒత్తిడి ఉందండి" అన్నాడు ఎస్సై.

గట్టు ఎక్కాను. కింద పొక్లెయిన్ రొదకు మట్టి అదురుతోంది.

"ఏవండీ, వచ్చేయండి."

"నువ్వెందుకొచ్చావ్? ఊరంతా నన్ను నమ్ముకునుంది స్టెల్లా."

"ఊరేనండి మిమ్మల్ని ముంచింది. ఆ రోజు వేలం దొంగ వేలం. తాతారావు చేత పాడించింది మా అన్నయ్య. నాకు ముందే తెలుసండీ. తెలిసే ఊరుకున్నాను."

అరుస్తారనుకున్నాను, కొడతారనుకున్నాను. ఆయన పొక్లెయిన్ మీద నుంచి చూపు కూడా తిప్పలేదు.

"గోలు కాసేవాడు బంతిని చూడడు స్టెల్లా, తన్నేవాడి కళ్లు చూస్తాడు. తాతారావు పాట పెంచిన ప్రతిసారీ ముందు మీ అన్నయ్య మొహం చూశాడు. మూడో పాటకే తెలిసింది నాకు."

"మరెందుకు పాడారండీ?"

"అందరూ నా వైపే చూస్తున్నారుగా. ఆట మానేశాక నన్నలా చూసింది మీ ఊళ్లోనే. నువ్వూ చూశావు. చప్పట్లు కూడా కొట్టావు."

పొక్లెయిన్ తొండం పైకి లేచింది. పది నిమిషాలు అయిపోయాయి కాబోలు. దాని నీడ మా ఇద్దరి మీదా పడింది. భయంతో ఆయన చొక్కా పట్టుకుని గుంజాను.

"ఒక్కసారి వెనక్కి తిరగండి. ఇప్పుడెవరు చూస్తున్నారో చూడండి."

తిరిగారు. మా వెనకాల నిలబడాల్సిన జనం ఎప్పుడు జారుకున్నారో, రోడ్డు మీద చెట్ల నీడకు చేరిపోయారు. అన్నయ్య గొడుగు వేసుకుని ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. మా వైపు చూసేవాళ్లు ఒక్కరూ లేరు.

ఆయన చేతులు కిందికి దించారు. నా భుజం పట్టుకుని కుంటుకుంటూ గట్టు దిగారు. వెనక మట్టి తెగింది. వేలు పొడుగు బొచ్చె చేప పిల్లలు, ఇంకా ఎదగని శీలావతులు నీళ్లతో పాటు దొర్లుకుంటూ పోయాయి. ఆయన వెనక్కి చూడలేదు. ఆ రాత్రి అన్నం తిన్నారు, అంతకంటే ఏమీ అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

తర్వాతి ఆదివారం కోతపండుగ. వద్దన్నాను. "వెళ్లకపోతే ఏమనుకుంటారు" అన్నారు. అప్పటికి మా ఇంట్లో వచ్చే నెల అద్దెకు కూడా లేదు. ఆయన డబ్బుతో వేసిన శ్లాబు కింద, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాం.

ఏసోబుగారు గుమ్మడికాయ పైకెత్తారు. వంద, నూటయాభై. "ఒకటోసారి. రెండోసారి." ఆగారు. నవ్వుతూ మా వైపు తిరిగారు. వరుస వరుసంతా తిరిగింది. ముందు కూర్చున్న అన్నయ్య కూడా తిరిగాడు.

మోకాలి మీద ఉన్న ఆయన చెయ్యి లేవడం మొదలుపెట్టింది. పొక్లెయిన్ కింద కూడా నేను అంత భయపడలేదు. ఆ మణికట్టును నా రెండు చేతులతో పట్టుకున్నాను.

"వదులు స్టెల్లా, గుమ్మడికాయేగా" అన్నారు మెల్లగా. కళ్లు మాత్రం నన్ను చూడట్లేదు, జనాన్ని చూస్తున్నాయి.

వదల్లేదు. పట్టుకునే లేచి నిలబడ్డాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఆయన పాడరండి, ఏసోబుగారూ. మా దగ్గర లేవు."

ఒక్కొక్కరే ముందుకు తిరిగిపోయారు. నా చేతుల్లో ఆయన చెయ్యి ఇంకా కాసేపు పైకే గుంజుతూ ఉంది.