వారం మధ్యలో లేత బెండకాయలు

బెండకాయ ముదిరినా బ్రహ్మచారి ముదిరినా పనికిరారని పెద్దలు ఊరికే అనలేదు. బ్రహ్మచారి సంగతి ఎలా ఉన్నా, బెండకాయ సంగతి ఇన్‌స్పెక్టరమ్మకు బాగా తెలుసు. పొలం కొన్న దగ్గర్నుంచి ఆమె వంటింట్లో లేత బెండకాయ ఉడికిన పాపాన పోలేదు. ఆ మొగుడూ పెళ్ళాలది ఆదివారం వ్యవసాయం మరి. ఆమె సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. ఆయన టైల్స్ కంపెనీలో గుమస్తా. ఊరి చివర, బస్సుల ఆఖరి స్టాపు దాటాక, ఇద్దరూ కలిసి కొనుక్కున్న అరెకరం చెక్క వారమంతా దిక్కూమొక్కూ లేకుండా పడి ఉండేది. ఆదివారం వెళ్ళి కలుపు పీకి, నీళ్ళు పెట్టి, నడుములు పట్టుకుని ఇల్లు చేరేవాళ్ళు. బెండ అంతవరకు ఆగుతుందా? రెండు రోజులు కోయకపోతే కర్రయి కూర్చుంటుంది. వీళ్ళకి ఉద్యోగాలున్నాయని దానికి ఎవరు చెప్పాలి?

అందుకే ఆ బుధవారం సాయంత్రం ఆయన సంచీలోంచి లేత బెండకాయలు బయటపడేసరికి ఆమె ఒకదాని కొస విరిచి చూసింది. పుటుక్కుమంది. ఇంకో ఇల్లాలైతే సంబరపడి పొయ్యి వెలిగించేది. ఈవిడ మాత్రం కాయ చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది.

"ఎప్పుడు కోశారు?"

"పొద్దున్నే. ఆఫీసుకి పోతూ అటు తిరిగొచ్చా."

"ఏ బస్సుకి?"

ఆయన కాసేపు చొక్కా గుండీలతో కుస్తీ పట్టాడు. "ఏదో దొరికిందిలే" అన్నాడు.

ఏదో దొరకడానికి అదేమన్నా సంతలో వంకాయా? ఆ దారిలో పొద్దున ఏ బస్సు ఎప్పుడు కదులుతుందో, ఏ డ్రైవరు టీ కోసం ఎక్కడ ఆపుతాడో ఆమెకు కంఠతా వచ్చు. ఆయన ఇంట్లోంచి కదిలిన వేళకి అటు పోయే బస్సు ఒక్కటీ లేదు. అబద్ధం ఆడటం రానివాడు ఆడితే ఎలా ఉంటుందో రోజూ చూస్తూనే ఉంటుంది కదా! ఆ పూట ఏమీ అనకుండా కూర వండింది. కూర వెన్నలా ఉంది. ఆమె మాత్రం పచ్చడితో తిని లేచింది.

అసలు సంగతేమిటంటే, ఈ పంటతో పొలం అమ్మేద్దామని ఇద్దరూ అనుకున్నారు. అనుకున్నారంటే ఆమె అంది, ఆయన తలూపాడు. "రెండు పడవల మీద కాళ్ళు పెట్టి ఎన్నాళ్ళండీ? ఉద్యోగమూ సరిగ్గా చెయ్యట్లేదు, సేద్యమూ సరిగ్గా చెయ్యట్లేదు" అంది ఆమె. ఆయనకు ఆ చెక్కంటే ప్రాణం. ఈ ఒక్క పంటా చూద్దామని బతిమాలాడు. అప్పటిదాకా ఆదివారాలు కూడా ఆవులిస్తూ కదిలే మనిషి ఇప్పుడు ఉన్నట్టుండి వారం మధ్యలో కాయలు తెస్తే అనుమానం రాదూ?

ఆ ఆదివారం పొలంలో ఆమె కలుపు పీకడం మానేసి ఒక్కో సాలూ తనిఖీ చేసింది. పీకడానికి కలుపుంటేగా! గట్లు చెక్కి ఉన్నాయి. నీటి కాలువ తాడు పట్టి గీసినట్టుంది. "పొలం ఎంత బాగుందండీ!" అని పైకే అంది. టమాటా మొక్కలకు ఊతకర్రలు పాతి, పూలపూల గుడ్డ పీలికలతో కట్టి ఉన్నాయి. ఎంత పొందిగ్గా కట్టారో! ఆయన ముడేస్తే బ్రహ్మ దిగొచ్చినా విప్పలేడు. ఇవేమో ఒక్క కొస లాగితే ఊడివచ్చే ముళ్ళు. రేకుల షెడ్డులో రెండో గ్లాసు బోర్లించి ఉంది.

"ఈ గుడ్డ ఎక్కడిది?"

"అక్కడే ఎక్కడో పడుంటే..."

పూలపూల గుడ్డ, పొందికైన ముడి, రెండో గ్లాసు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన్ని బద్ధకస్తుడంది, మతిమరుపు మనిషంది, ఇంకా చాలా అంది. కానీ ఈ అనుమానం ఎన్నడూ పడలేదు. పడాల్సివచ్చినందుకు ఆయన మీద కంటే తన మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఎవరా మహాతల్లి? పైగా మంచి పనిమంతురాలిలా ఉంది!

మంగళవారం ఆమె ఆఖరి స్టాపు దారిలో డ్యూటీ వేయించుకుంది. మధ్యాహ్నం భోజనం వేళ యూనిఫాంతోనే బస్సు దిగి, ఎండలో పొలానికి నడిచింది. ఏమేం అడగాలో దారంతా కూడబలుక్కుంది. కంచె దగ్గరికి రాగానే ఆ మాటలన్నీ ఎటో పోయాయి. లోపల ఎవరో కూనిరాగం తీస్తున్నారు. అది మగ గొంతు.

షెడ్డు గోడకు ఇస్త్రీ చొక్కా, ప్యాంటు హ్యాంగరుకు వేలాడుతున్నాయి. వాటి కింద పాలిష్ పెట్టిన బూట్లు. చేలో పాత నిక్కరు వేసుకున్న నెరిసిన జుట్టు మనిషి వంగి టమాటాలకు మన్ను ఎగదోస్తున్నాడు. అలికిడికి తలెత్తి, ఆమె యూనిఫాం చూసి, టికెట్ లేకుండా దొరికిపోయినవాడిలా రెండు చేతులూ పైకెత్తాడు.

ఆమె మొగుడి కంపెనీలో స్టోర్సు మనిషి. నడుముకు గుత్తెడు తాళాలు గలగలలాడించుకుంటూ తిరుగుతాడని అందరూ తాళాలాయన అంటారు. పెళ్ళిళ్ళలో, కంపెనీ పిక్నిక్కుల్లో ఆమె చాలాసార్లు చూసిన మనిషే.

"మీరా అన్నయ్యగారూ! ఈ వేళప్పుడు ఇక్కడేం చేస్తున్నారు?"

ఆయన నెమ్మదిగా గట్టు మీద కూలబడ్డాడు. "తాళాలన్నిటికీ కార్డులొచ్చాయి చెల్లెమ్మా. కార్డు గీకితే తలుపు తెరుచుకుంటుంది. ఇక తాళాలాయనతో పనేముంది? ఇంటికి పొమ్మన్నారు."

ఇంట్లో చెప్పలేకపోయాడట. రోజూ పొద్దున్నే ఇస్త్రీ బట్టలు వేసుకుని, డబ్బా పట్టుకుని బయల్దేరతాడు. మొదట్లో పార్కుల్లో, రైల్వే స్టేషన్లో కూర్చున్నాడు. కంపెనీ చివర్లో ఇచ్చినదాన్నే నెలనెలా జీతమని ఇంట్లో పెడుతున్నాడు. ఒకరోజు ఇన్‌స్పెక్టరమ్మ మొగుడు స్టేషన్లో చూసి, షెడ్డు తాళం చేతిలో పెట్టాడు. "కూర్చోడానికి చోటిస్తే చాలన్నాను. కూర్చుంటే పిచ్చెక్కుతోంది చెల్లెమ్మా, అందుకని పార పట్టా. ఆ గుడ్డ పీలికలు చూస్తున్నావా, మా పాత దిండు గలీబు. చించి తెచ్చా. ఇంకో ఉద్యోగం దొరికేదాకా మా ఇంట్లో చెప్పొద్దు. నీకు దణ్ణం పెడతా."

నిజంగానే దణ్ణం పెట్టాడు. చేతుల నిండా మన్ను. చెప్పనని మాటిచ్చి ఆమె వచ్చేసింది. తిరుగు బస్సులో ఒక్కడి టికెట్ కూడా చూడలేదు. మొగుడు బంగారమని తేలినందుకు కడుపు నిండినట్టుంది. ఆ బంగారాన్ని అనుమానించినందుకు సిగ్గేసింది. సాయంత్రం ఆయన మొహం కనబడేసరికి ఆ రెండూ పోయి ఒళ్ళు మండింది.

"ఆయన చెమట, మీ పేరు! బేరం బాగుందండీ."

ఆయన దాచలేదు. "ఒట్టేయించుకున్నాడు. అదొకటి. ఇంకోటేంటంటే, పొలం ఎంత బాగుందండీ అని నువ్వు ఆ రోజు అన్నావు చూడు... అది నా కష్టమే అనుకోవాలనిపించింది. ఇక అమ్మే మాట ఎత్తవని."

ఆమె మళ్ళీ అమ్మే మాట ఎత్తలేదు. అదే ఆమె చేసిన తప్పు. పొలం కళకళలాడుతోంది, వారం మధ్యలో కాయలొస్తున్నాయి, ఆదివారాలు నడుం నొప్పి లేదు. ఉద్యోగమూ సేద్యమూ ఇద్దరికీ ఇప్పుడు భేషుగ్గా కుదిరాయి. ఎలా కుదరవు, మూడోవాడి కాపురాన్ని గట్టుగా వేసుకుంటే! అది ఆమెకు తెలియక కాదు. తెలిసీ కూరలో ఉప్పు సరిచూసుకుంది.

ఒక శనివారం సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి తల తుడుచుకుంటుంటే తలుపు చప్పుడైంది. తాళాలాయన భార్య. చిన్నపిల్లల బళ్ళో టీచరు. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి మొహం పీక్కుపోయి ఉంది. ఇన్‌స్పెక్టరమ్మ రెండు గ్లాసుల్లో టీ పోసుకొచ్చింది. ఆమె మొగుడు ఇంకా ఇల్లు చేరలేదు.

"వదినా, మీ అన్నయ్య ఆఫీసులో సరిగ్గానే ఉంటున్నారా? మీ ఆయన ఏమన్నా అన్నారా?"

"ఏం, ఏమైంది వదినా?"

"ఎవరితో చెప్పుకోను? సాయంత్రం ఇంటికొచ్చే మనిషి ఎక్కడో స్నానం చేసి వస్తున్నారు. తల తడిగా ఉంటుంది. ఏంటంటే చెమట పట్టిందంటారు. చెమటకి సబ్బు వాసనుంటుందా? మా ఇంట్లో సబ్బు కాదు వదినా అది. నిమ్మగడ్డి వాసన. ఊళ్ళో దుకాణాలన్నీ తిరిగి వాసన చూశాను, పిచ్చిదాన్లా. ఎక్కడా దొర..."

మాట సగంలో ఆగిపోయింది. టీచరు ముక్కుపుటాలు అదిరాయి. ఆమె చూపు ఇన్‌స్పెక్టరమ్మ తడి జుట్టు మీద, తువ్వాలు మీద, మెడ మీద పాకింది.

ఆ సబ్బు బయట దొరకదు. బస్సు సిబ్బంది సహకార దుకాణంలోనే అమ్ముతారు. ఆమె తెచ్చినవాటిలో ఒకటి మొగుడుగారు పొలంలో కుళాయి దగ్గర పెట్టాడన్న సంగతి ఇన్‌స్పెక్టరమ్మకు అప్పుడే వెలిగింది.

"ఏ సబ్బు వాడతారు వదినా మీరు?" టీచరు గొంతు పిల్లల్ని మందలించే గొంతులా నెమ్మదిగా ఉంది. "మీ డ్యూటీలు కూడా వేళాపాళా లేనివే కదా."

బస్సుల్లో ఎంతమందిని అనుమానంగా చూసిందో ఆమెకు లెక్కలేదు. అలా తనను చూస్తే ఎలా ఉంటుందో ఇన్నాళ్ళూ తెలియలేదు. మాటిచ్చిన సంగతి గుర్తుంది. కానీ ఆ కళ్ళు చూశాక మాట మీద నిలబడటం ఆమె వల్ల కాలేదు.

"ఆయన ఉద్యోగం పోయింది వదినా. మా పొలంలో పనిచేసుకుంటున్నారు. స్నానం మా కుళాయి దగ్గర. నా సబ్బే. అంతకంటే ఏమీ లేదు, దేవుడి మీదొట్టు."

టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకుంటే నవ్వు. "ఉద్యోగమేనా! ఉద్యోగమేనా పోయింది!" అంటూ కళ్ళు తుడుచుకుంది. నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"మీకెప్పట్నుంచి తెలుసు?"

ఇన్‌స్పెక్టరమ్మ తువ్వాలు మడతపెట్టడం మొదలుపెట్టింది.

"మీ ఆయనకు తెలుసు. మీకు తెలుసు. కంపెనీలో అందరికీ తెలిసే ఉంటుంది. నేనొక్కదాన్నే ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తూ కూర్చున్నా." టీచరు లేచి సంచీ భుజాన వేసుకుంది. "సోమవారం కూడా ఇస్త్రీ చేస్తా, డబ్బా కడతా. తనంతట తను చెప్పేదాకా నేనడగను. మీరూ నాకు చెప్పినట్టు ఆయనతో అనొద్దు. మీ ఆయనతో కూడా. ఇదైనా నా చేతిలో ఉండనివ్వండి."

"అలాగే వదినా. చేసింది తప్పే, నాకు..."

"వస్తాను."

టీ ముట్టకుండానే వెళ్ళిపోయింది. కాసేపటికి ఆయన కూరల సంచీతో ఈల వేసుకుంటూ వచ్చాడు. బల్ల మీద గ్లాసులు చూసి ఎవరొచ్చారని అడిగాడు.

"ఎవరూ రాలేదు."

ఆయన గ్లాసుల వంక చూశాడు, ఆమె వంక చూశాడు, సంచీ కింద పెట్టాడు. ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండునని ఆమెకు అనిపించింది.