నాభిలోని తిరుమణి

వైశాఖశుద్ధదశమినాటి మధ్యాహ్నమున చండభానుకిరణసంతప్తమైన కృష్ణాసైకతము పేలాలు వేయించు మంగలమువలె మిటమిటలాడుచుండ గాలి సైతము నీడను వెదకికొనుచు ఎచ్చటికో పోయి దాగినట్లుండెను. మరునాటి ప్రాతఃకాలమున పొన్నలంక కేశవస్వామివారి బ్రహ్మోత్సవములకు ధ్వజారోహణము. తోరణాలంకృతమై ఊరెల్ల ఉత్సాహతరంగితమై యుండగా ఆ ధ్వజమును స్వహస్తములతో ఎత్తవలసిన వంశపారంపర్యార్చకుడు సింగరాచార్యులు మాత్రము తన యింటి వసారాలో కాలుగాలిన పిల్లివలె తిరుగుచు క్షణమునకొకమారు ఉత్తరీయమును ఉదరముపైకి లాగికొనుచుండెను.

ఆతని యలజడికి హేతువు ఆతని బొడ్డు. ఎనిమిది దినములనుండి అది సలుపుచుండెను. నాలుగు దినములనుండి దుర్గంధయుక్తమైన చీము స్రవించుచుండెను. దేహమున చీమునెత్తురులొలుకువాడు గర్భాలయమున అడుగిడరాదని ఆ యాలయపు కట్టడి. చెప్పినచో ముప్పదియేండ్లుగా తప్పని గౌరవము ఈ యేట పినతండ్రికొడుకగు తిరునారాయణునికి పోవును. చెప్పకున్న స్వామికి ద్రోహము. ముందు నుయ్యి వెనుక గొయ్యి.

ఈ మహానుభావుడు దినమునకు ముమ్మారు స్నానమాడువాడే సుమా! స్నానానంతరమున ద్వాదశనామములు ధరించునపుడు కడుపుపై దిద్దికొను తిరుమణి యను తెల్లని నామపుమన్ను చెమటకు కరగి లోతైన ఆ బొడ్డులోనికి జారుచుండెను. నామపుమన్నును వ్రేలుపెట్టి తీయుట యపచారమని బాల్యమున తండ్రి గద్దించిన మాటను శిరసావహించి ఆతడు ఆ గుంటను ఏనాడును తాకి యెరుగడు. పైగా చీము కనబడగానే ఆరునన్న యాశతో మరింత తిరుమణిని అందు కూరెను. చదువవేసిన ఉన్నమతి పోయినదను సామెత ఇట్టివారిని చూచియే పుట్టియుండును.

ధర్మపత్ని గోదమ్మ ఇక ఓర్వలేక యెదుట నిలిచి “ఆ యుత్తరీయము తీయుడు” అనెను.

“ఏమియు లేదు.”

“ఏమియు లేనిదే ఇల్లు కంపుగొట్టునా?”

ఆమె అప్పటికే వైద్యుని పిలిపించెను. వచ్చినవాడు శరభయ్య. భస్మత్రిపుండ్రాంకితఫాలుడు పరమశైవుడు. ఆతనియెదుట పొట్ట చూపవలసివచ్చెనే యని ఆచార్యులు కన్నులు గట్టిగా మూసికొనెను. శరభయ్య నువ్వులనూనెచుక్కలు వేసి కొంతసేపు నాననిచ్చి మొద్దుకొనల శ్రావణమను చిన్నపట్టుకారుతో మెల్లమెల్లగా లాగగా ఏండ్ల తిరుమణి గట్టిపడిన రేగుగింజంత కరకురాయి యొకటి వెలువడెను.

“ఆచార్యులవారూ! ఇన్నేండ్లును మీరు రహస్యముగా లింగధారణ చేసినట్లున్నదే!”

గోదమ్మ కొంగు నోటికడ్డము పెట్టికొనెను. ఆచార్యులు బాధలో సైతము ఉరిమి చూచెను.

శరభయ్య ఆ గుంటను గోరువెచ్చని నీటితో కడిగి పొడిబట్టతో అద్దుచు “స్వామికి తిరుమంజనస్నానము చేయించినపుడు నాభిలో చందనము నిలువనిత్తురా?” అని యడిగెను.

“ఎట్లు నిలువనిత్తును? మెత్తని వస్త్రముతో తేమలేకుండ ఒత్తి తుడిచెదను.”

“ఆపాటి దయ మీ దేహముపైనను చూపుడు. ప్రతిదినము ఇట్లే కడిగి పొడిగా తుడుచుకొనుడు. మన్నుగాని గోరుగాని అందు పోనీయకుడు. మూడు దినములలో పుండు మానును.”

“మూడు దినములా? ధ్వజారోహణము రేపే!”

“రేపటికి మానుమని పుండును శాసింపజాలను స్వామీ.”

ఆ సాయంకాలము ఆచార్యులు తిరునారాయణుని గడప యెదుట ఏడుమార్లు అటునిటు తిరిగి ఎనిమిదవమారు లోనికేగి “నాకు నలతగా నున్నది. రేపు ధ్వజము నీవెత్తుము” అని మాత్రము చెప్పి మరలెను. నలత ఎచ్చటనో చెప్పలేదు. స్వామికైంకర్యధురంధరుడు బొడ్డు కడుగుకొననేరడని లోకము నవ్వునన్న భయము ఆతనిని వీడలేదు. త్రోవపొడుగున కన్నీరు తుడుచుకొనుచునే నడచెను.

తెల్లవారెను. మంగళవాద్యఘోషమధ్యమున స్థూలకాయుడగు తిరునారాయణుడు ధ్వజస్తంభముకడ నిలిచెను. జనసమ్మర్దములో ఒదిగి చూచుచున్న ఆచార్యుల దృష్టి గరుడధ్వజముపై నిలువక ఆ యువకుని పొట్టపై పడెను. చెమటకు కరగిన నామము తెల్లనిధారయై లోతైన బొడ్డులోనికి జారుచుండెను. చెప్పినచో తన గుట్టు వేయిమందియెదుట రట్టగును. చెప్పకున్న ఆ పిల్లవాని గతియు నిదియే. ఆతని పాదములు నేల నిలువలేదు. అంతలో వాద్యములు క్షణమాత్రము ఆగగా ముప్పదియేండ్ల వేదఘోషమున సానబట్టిన ఆ కంఠము గ్రాంథికమును మరచి బ్రద్దలాయెను.

“ఒరేయ్ నారాయణా! ముందు బొడ్డు తుడుచుకోరా! నామం లోపలికి పోతోంది! నిన్న నా బొడ్డులోంచి రాయి తీశారురా!”

నవ్విన వారొక్కరును లేరు. ఆ జనసముద్రములో ఒకరికి తెలియకుండ ఒకరు మెల్లగా తమ బొడ్డులు తడవి చూచుకొనిరి. తిరునారాయణుడు అన్నగారికి తలవంచి ఉత్తరీయపుచెరగుతో నాభిని శుభ్రముగా తుడిచికొని పిమ్మట ధ్వజమునెత్తెను. తొమ్మిది దినముల యలజడి తరువాత సింగరాచార్యులు ఆ క్షణముననే ఒక్కచోట కదలక నిలిచెను.