ఆదివారం మాత్ర

పొద్దున్న ఆరింటికల్లా రంగనాథ్ మాస్టారు కిందికి దిగి, అపార్ట్‌మెంటు చుట్టూ ఉన్న నడకబాట మీద ఆరు చుట్లు తిరిగేవాడు. కొడుకు నానక్‌రామ్‌గూడలో ఈ ఫ్లాట్ కొన్నప్పట్నుంచీ అదే వరస. వానాకాలం మొదలైతే జ్వరం కూడా ఆ బాట మీదే నడిచేది. బక్కపలచటి ఒళ్లు, బూడిదరంగు శాలువా. గేటు దగ్గర వాచ్‌మన్ స్వామి దాని పేరు రిజిస్టర్లో రాసుకుని లోపలికి వదిలేవాడు. అది ఎవరిని దాటితే వాళ్ల వెంట ఇంటికి వెళ్లేది. అంచేత అక్కడి పెద్దవాళ్లెవరూ కబుర్లాడుతూ నడిచేవాళ్లు కాదు.

రంగనాథ్ భయం తన గురించి కాదు. పోయిన ఏడు న్యుమోనియా వచ్చి భార్య లక్ష్మీదేవి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఇంకోసారి జ్వరం ఇంటికొస్తే ఆమె తట్టుకోదని డాక్టరు చెప్పేశాడు. దాంతో రంగనాథ్ ఆదివారం ఆదివారం వేసుకోవాల్సిన విటమిన్ డి మాత్రని గుట్టుగా రోజూ మింగడం మొదలుపెట్టాడు. వారానికొకటే అంత మేలు చేస్తే రోజుకొకటి ఎంత చెయ్యాలి? లెక్కల మాస్టారు కదా, ఆ లెక్క నచ్చింది. రెండున్నర నెలలు గడిచాయి. బలం రాలేదు సరికదా, నోరు పిడచగట్టుకుపోతోంది, అన్నం చూస్తే వికారం. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగాడు తప్ప మాత్ర మానలేదు.

ఆ బుధవారం నాలుగో చుట్టులోనే వెనక శాలువా కనిపించింది. అడుగు పెంచబోతే కాళ్లు సాగలేదు. బాట ఊడుస్తున్న బుచ్చమ్మ చీపురు ఆపింది.

"ఉరుకు సారూ, ఎనకనే ఉన్నది," అంది.

ఉరికాడు. కళ్లు బైర్లు కమ్మాయి. జ్వరం పక్కకి వచ్చింది కానీ దాటలేదు.

"మూడేండ్ల సంది మీ ఎనక నడుస్తున్న సారూ. మీరు గిట్ల నడిచెటోళ్లు గాదు. ఏం మింగుతున్నరు?" అంది జ్వరం.

"నీకెందుకు? మా ఇంటికి మాత్రం రావద్దు. ఆమె బతకదు."

"ఇంటికి రాను. దవాఖానకు పోదాం," అని అతని భుజమ్మీద చెయ్యి వేసి, ఒక్కడుగు ముందుకేసింది.

ఒళ్లు కాలిపోతూ రంగనాథ్ అక్కడే కూలబడ్డాడు.

ఆసుపత్రిలో జ్వరం అతని కాళ్ల దగ్గర కూర్చుంది. సాయంత్రం డాక్టరు ప్రియాంక రక్తపరీక్షల కాగితం రెండుసార్లు చదివింది.

"జ్వరం సరే, రక్తంలో కాల్షియం ఇంతుందేమిటి? ఇలాగే ఇంకొన్నాళ్లు సాగితే కిడ్నీలు పోయేవి. విటమిన్ డి ఎన్ని వేసుకుంటున్నారు?"

అతి సర్వత్ర వర్జయేత్ అని ముప్పై ఏళ్లు పిల్లల చేత చెప్పించిన మనిషి, తలొంచుకుని నిజం చెప్పాడు.

ముక్కుకి మాస్కు పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డ లక్ష్మీదేవి, కొంగుముడి విప్పి ఒక మాత్ర తీసి డాక్టరు వైపు చాపింది.

"ఈ పొద్దుట్నుంచి నన్నూ రోజూ వేసుకోమని ఇచ్చినారమ్మా. టిఫిన్ తిని వేసుకుందామనుకుంటి. ఇంతలో ఈయన పడిపోయినారని ఫోనొచ్చె."

తన రోగం సంగతి విన్నప్పుడు కూడా చలించని రంగనాథ్, ఆ మాత్రని చూడగానే మంచం మీంచి లేవబోయి, "వద్దు, పారెయ్యి," అన్నాడు. జ్వరం లేచి శాలువా సర్దుకుంది. లక్ష్మీదేవికి తగలకుండా గోడవారగా జరిగి బయటికి వెళ్లిపోయింది.