రెండు డిగ్రీలు

ఆగండాగండి, పేజీ తిప్పేయకండి. ముందు ఈ సంగతి వినండి.

సాయంత్రం, ఇంట్లో పొట్టి అని పిలిచే అమ్మాయి ఆఫీసులో ఉండగా, వాళ్లక్క ఫోను చేసింది. అక్క బస్సు డ్రైవరు. డ్యూటీ దిగాక డిపో గోడకి మోచేతులు ఆన్చి, బైనాక్యులర్స్‌తో ఆకాశంలో ఒకే ఒక్క చుక్కని వెతకడం పదకొండేళ్లుగా ఆమెకి అలవాటు.

"ఒసేయ్ పొట్టీ, పేలిందే!"

"ఏది?"

"మీ ఆయన బుర్ర! మన చుక్కేనే! నిన్న బైనాక్యులర్స్‌లో కూడా నలుసంత ఉంది, ఇవాళ ఉత్త కంటికే కనిపిస్తోంది. నా పని నేను చేశా. ఇక నీ వంతు."

ఆ చుక్క నిజానికి జంట. చచ్చిపోయిన చిన్న నక్షత్రం పక్కనున్న పెద్దదాని వాయువు లాక్కుని ఒంటి మీద పేర్చుకుంటూ ఉంటుంది. ఎనభై ఏళ్లకోసారి అది భగ్గుమంటుంది. అదే నోవా. ఎగిరిన మంట పెద్దదాని చుట్టూ ఉన్న వాయువుని గుద్దుకునే మొదటి గంటల్లో ఎక్స్‌రేలు పుడతాయి. గుద్దు ఎంత బలంగా తగిలిందో అవే చెప్పాలి. అవి మన గాలిని దాటి కిందికి రావు, అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపే పట్టుకోవాలి. అది ఎటు చూడాలో రాసిచ్చే ఉద్యోగం మన పొట్టిది!

ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేకుండా కంట్రోల్ రూముకి పరిగెత్తింది. అందరూ బాబాయ్ అని పిలిచే పెద్దాయన అక్కడ ఆదేశాలు పంపుతాడు. టెలిస్కోపుతో రోజుకి ఒక్కసారే మాట కలుస్తుంది. ఇవాళ్టి మాట తెగడానికి ఇంకా ఎనిమిది నిమిషాలుంది.

బాబాయ్ టైపు చేశాడు. తెర ఎర్రబడింది.

"చుక్క సూర్యుడికి దగ్గరంటోందమ్మా. నలభై అయిదున్నర డిగ్రీలు. మన హద్దు నలభై ఏడు, అంతకన్నా దగ్గరికి తిరగనివ్వదు."

"తయారుచేసినవాళ్లు నలభై అయిదన్నారు కదా బాబాయ్!"

"అన్నారు. మిగతా రెండూ ఎవరు పెట్టారో?"

పెట్టింది పొట్టే. రెండేళ్ల కిందట టెలిస్కోపు తిరుగుతుంటే అంచున ఎండ తగిలి ఉష్ణోగ్రత చప్పున ఎగిరింది. ఆ హడలులో, టీ తాగుతూ, లెక్కేమీ వేయకుండా రెండు కలిపేసింది. ఎంత జాగ్రత్తపరురాలో అని అందరూ మెచ్చుకున్నారు కూడా!

"రేపు కమిటీని అడిగితే?"

"రేపు ఈపాటికి నలభై నాలుగున్నర. అప్పుడు ఎవరడిగినా కుదరదు. మళ్లీ సూర్యుడికి అవతల తేలేసరికి మూడు నెలలు." బాబాయ్ ఒక కాగితం ముందుకి జరిపాడు. "రూలు నీది. సంతకం పెట్టు, తీసేస్తా. కానీ ఒక్కటి చెప్పు. ఆ రెండూ అక్కర్లేదని నీకు తెలుసా?"

తెలీదు. అదే కదా గొడవ! అక్కర్లేదని తెలీదు, కావాలనీ తెలీదు. ఎండ నేరుగా లోపల పడితే కెమెరా మాడిపోతుంది. నలభై మంది పదేళ్లు కూర్చుని కట్టిన టెలిస్కోపు. ఇంకొకటి లేదు. లెక్క వేయాలంటే కనీసం సగం రోజు పడుతుంది.

"అయిదు నిమిషాలు," అన్నాడు బాబాయ్.

పెన్ను మూత తీసింది. పెట్టింది. మళ్లీ తీసింది.

"రెండు."

చెయ్యి కాగితం మీదే ఉంది, కదల్లేదు. ఎవరో పట్టుకున్నట్టు.

మాట కలిసినంతసేపూ తెర మీద వెలిగే పచ్చ దీపం ఆరిపోయింది. బాబాయ్ కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టుకున్నాడు. తిట్టినా బాగుండేది.

ఫోను మోగింది. వెనకాల బస్సుల హారన్లు, డిపో మైకు గోల.

"పొట్టీ! మా కండక్టర్లందరికీ చూపించా, నమ్మట్లేదే! మా చెల్లి టెలిస్కోపు పైనుంచి చూస్తోందిరా అని చెప్పా. చెప్పవే, ఎలా ఉంది?"

పొట్టి కిటికీ దగ్గరికి వెళ్లింది. పడమట మేడల పైన ఆ చుక్క హాయిగా వెలుగుతోంది. ఎవరికైనా కనిపిస్తోంది, ఒక్క ఆ టెలిస్కోపుకి తప్ప.

"వింటున్నావా? ఒసేయ్!"

మీరైతే అక్కకి ఏం చెప్తారు? అసలు, మీరైతే ఆ సంతకం పెట్టేవాళ్లా?