మెరుపుకీ మెరుపుకీ ఇరవై దెబ్బలు

మెరిసింది.

వాయవ్యాన, తాటితోపు మీద — తెల్లగా, సూదిమొనంత. మెరిసి ఆరిపోయింది.

రొయ్యల చెరువు గట్టు మీద మంచం వాల్చుకుని, బైనాక్యులర్స్ కళ్ళకి ఆనించి, నరసరాజు ఊపిరి బిగబట్టాడు. మూడు రోజుల ముసురు తరవాత కలిదిండి మీద ఆకాశం తేటపడిన మొదటి సాయంత్రం.

అదొక పాత రాకెట్టు డొల్ల. పని అయిపోయింది, కిందికి రాలేదు. పొర్లుకుంటూ భూమి చుట్టూ తిరుగుతోంది. పొర్లినప్పుడల్లా ఎండ తగిలి మెరుస్తుంది.

మెరుపుకీ మెరుపుకీ మధ్య ఇరవై దెబ్బలు.

దెబ్బలంటే చెరువులో ఏరేటరువి. నీళ్ళు చిలికి రొయ్యలకి గాలి అందించే చక్రం. రెక్క ఒకటి విరిగి, తిరిగినప్పుడల్లా టప్‌మంటుంది. ఏడాదిగా ఆ చప్పుడే అతని గడియారం. ఇరవై దెబ్బలంటే పన్నెండు సెకన్లని మొదట్లోనే ఫోనులో చూసుకున్నాడు. ఫోను వెలుగు పడితే ఇక చుక్క ఆనదు. అందుకే గట్టు మీద లైటు కూడా ఆర్పేస్తాడు.

"ఏవండీ, చెరువు కిందుందండీ!" మేత షెడ్డులోంచి భార్య సత్యవేణి. "మీరు పైన వెతుకుతున్నారు."

లెక్కపెడుతున్నాడు.

ఇరవై... మెరిసింది.

పంతొమ్మిది... మెరిసింది.

పదిహేడు.

తొందరగా పొర్లుతోంది. దిగిపోతోంది కాబోలు. అలాంటివి ఎప్పుడో ఒకప్పుడు పడతాయని విన్నాడు. ఎక్కడ పడతాయో ఎవరికి తెలుసు? ఇన్ని ఊళ్ళు... ఇన్ని కప్పులు... కప్పుల కింద ఇప్పుడే అన్నాలకి కూర్చున్న మనుషులు.

పద్నాలుగు.

తువ్వాలు నెత్తిన కప్పుకుని, దాని చాటున ఫోను తీశాడు. మెరుపు నుంచి మెరుపుకి —

పన్నెండు సెకన్లు.

ఎప్పటిలాగే. మళ్ళీ చూశాడు. పన్నెండే.

పైన ఏదీ మారలేదు.

టప్... ... టప్...

చక్రం నీరసిస్తోంది. వోల్టేజి పడిపోయింది. లైటు ఉంటే మసకబారి చెప్పేది. ఆ లైటు తనే ఆర్పాడు. ఎండ ఎరగని మూడు రోజుల నీళ్ళు. తొంభై రోజుల పంట. ఆ నీళ్ళలో గాలి ఎంత మిగిలిందో —

"సత్యవేణీ! జనరేటరు!"

షెడ్డులో ఇనుము గీరుకున్న చప్పుడు. మళ్ళీ. మళ్ళీ.

"తిప్పుతున్నానండీ..." గొంతులో ఎగతాళి లేదు. "అంటుకోవట్లేదండీ!"

పరుగెత్తబోతూ టార్చి నీళ్ళ మీదికి తిప్పాడు. కాళ్ళు ఆగిపోయాయి.

గట్టు వారన — ఒకటి. ఎర్రగా, సూదిమొనంత.

పక్కనే ఇంకొకటి.

రొయ్యల కళ్ళు. గాలి కోసం పైకొచ్చిన కళ్ళు. టార్చి జరిగినంత మేరా... జరిగినంత మేరా...

మెరుస్తున్నాయి.