బస్సు గీసిన గీత

ఒక విషయం ముందే ఒప్పేసుకుంటాను. ఈ కథ చెబుతున్న నాకు ఈ వయసులో కూడా కుడి ఏదో, ఎడమ ఏదో వెంటనే తేలదు. అన్నం తినే చెయ్యి ఏదో మనసులో ఒకసారి ఆడించుకుని చూసుకోవాలి. కాబట్టి మృదుల గురించి నేనేమన్నా అంటే అది ఒడ్డున నిలబడి అన్న మాట కాదు.

మృదుల మన్సూరాబాద్‌లో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ టెస్టర్. వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. ఆదివారం పొద్దున్నే ఎల్బీనగర్ చౌరస్తాలో పోగయ్యే సైకిల్ గుంపులో ఆమె కూడా ఉంటుంది. గుంపుకు పెద్ద కృష్ణన్న, బ్యాంకు ఉద్యోగి. మనిషి మంచివాడే గానీ ఏదీ మర్చిపోడు.

మృదుల విషయంలో ఆయన మర్చిపోనిది ఒకటుంది. మొన్న వానాకాలంలో ఆమెను ముందు నడవమంటే, హయత్‌నగర్ దాటాక పెద్ద కమాను ఒకటి కనిపించగానే ఊరి దారి అనుకుని గుంపు మొత్తాన్ని అందులోంచి లోపలికి తిప్పింది. అది ప్లాట్లు అమ్మే వెంచర్. సేల్స్‌వాళ్లు పరుగెత్తుకొచ్చి, అందరినీ షామియానా కింద కూర్చోబెట్టి, మజ్జిగ పోసి, ఫోన్ నంబర్లు రాసుకున్నారు. కృష్ణన్నకు ఇప్పటికీ ఫోన్లు వస్తున్నాయి.

వచ్చే నెల నుంచి ఆడవాళ్ల బ్యాచ్ వేరేగా పెడదామన్నారు. నడిపిస్తామని చెయ్యెత్తింది ఇద్దరు. ఒకరు మృదుల. ఇంకొకరు గ్రేస్, కొత్తపేటలో ఒక స్కూల్లో పీటీ టీచర్. గ్రేస్‌కు కళ్లకు గంతలు కట్టి వదిలినా ఇల్లు చేరుతుంది.

"ఈ ఆదివారం ఇబ్రహీంపట్నం చెరువు దాక నువ్వు తీస్కపో మృదులా" అన్నాడు కృష్ణన్న. "సక్కగ తీస్కపోయినవా, బ్యాచ్ నీదే. మల్ల ఏ వెంచర్లనో దింపినవనుకో, గ్రేస్‌కిస్త. ఫీల్ కావొద్దు."

"ఫీల్ ఏముందన్నా" అంది మృదుల. ఇంటికి వచ్చేదాకా అదే ఫీలవుతూ వచ్చింది. ఆఫీసులో తప్పులు చూపించడమే తప్ప, నా వెనక రండి అని ఎవరితోనూ అనే అవకాశం ఆమెకు రాలేదు. ఆ మాట అనాలని బాగా ఉంది.

ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుంటే చాలదా అంటారా? పెట్టుకుంది. ఎండలో తెర కనిపించదు. కనిపించినప్పుడు అమ్మ ఫోన్ చేస్తుంది. సరిగ్గా మలుపు దగ్గర మ్యాప్ మాయమై, పోచంపల్లి చీరలో సుమిత్రమ్మ ఫొటో ప్రత్యక్షమవుతుంది.

అందుకని సైకిల్ హ్యాండిల్‌కు బిగించే జీపీఎస్ మిషన్ కొనాలనుకుంది. వారమంతా రివ్యూలు చదివింది. చదివినకొద్దీ తెలిసింది తక్కువైంది. చివరికి దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో కింద సందులో ఉన్న సైకిల్ సామాన్ల షాపుకు పోయి, ఉపగ్రహాల గురించీ బ్యాటరీల గురించీ చదివిందంతా ఓనరుకు అప్పజెప్పింది. ఆయన గుంటూరు నుంచి వచ్చి స్థిరపడినాయన. ఓపిగ్గా విన్నాడు.

"మీరు చెప్పిందాంట్లో సగం నాకు తెలీదమ్మా. ఒకటే అడుగుతాను. మీకు మ్యాప్ కావాలా, గీత చాలా?"

"అంటే?"

"ఇదిగో, ఇందులో మొత్తం మ్యాప్ ఉంటది. గుళ్లు, బళ్లు, బంకులు, సందులు, అన్నీ. ఈ చిన్నదాంట్లో ఏమీ ఉండవు. మీరు ఎక్కించిన దారి గీతలాగా కనపడతది. గీత మీద ఉన్నంతసేపు నోరెత్తదు. తప్పారా, కుయ్యిమంటది."

"అన్నీ కనబడేదే మంచిది గదా అన్నా?"

"ఆలోచించుకుంటా పోయేవాళ్లకి మంచిదేనండి."

మృదుల నిలబడి ఆలోచించింది. వెంచర్లోకి తీసుకెళ్లింది ఆలోచనే. మ్యాప్ ఉంటే దాంతో వాదన పెట్టుకుంటుంది. ఈ సందు దగ్గర కదా, ఆ రోడ్డు వెడల్పు కదా అని. గీతతో వాదించడానికి ఏముంటుంది? చిన్నదే తీసుకుంది.

ఇంట్లో సుమిత్రమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఒక కుంకుమ బొట్టు పెట్టి ఇచ్చింది. అంతవరకు బాగానే ఉంది. కానీ పరీక్షించకుండా ఏదీ నమ్మడం మృదులకు చేతకాదు. శనివారం ఒకసారి ఆ దారంతా తొక్కి చూసొస్తానంది.

"సాగర్ రోడ్డు మీద లారీల నడుమ ఒక్కదానివి పోతవా? ఏం అవుసరం లేదు. బస్సుల పో. ఆడోళ్లకు ఫ్రీనే గద" అంది సుమిత్రమ్మ.

ఆ మాట మృదులకు నచ్చింది. మిషన్ ఆన్ చేసి బస్సెక్కితే చాలు, బస్సు పోయినచోటల్లా అదే గీత గీసుకుంటుంది. దాన్నే ఆదివారానికి దారిగా పెట్టుకోవచ్చు. కంప్యూటర్‌లో వేలితో గీసిన దారి కంటే నిజం చక్రాలు తిరిగిన దారి నయం కదా?

ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుని, సిగ్నల్ కోసం మిషన్‌ను కిటికీకి ఆనించి పట్టుకుని కూర్చుంది. కండక్టరమ్మ రెండుసార్లు చూసి ఊరుకుంది. మూడోసారి అడిగింది.

"ఏందమ్మా అది, షుగర్ చూస్కునే మిషనా?"

"కాదక్కా. దారి చూపిస్తది."

"బస్సుల కూసోని దారి చూసుడేంది? ఓ డ్రైవరన్నా, గీ పిల్లకు నీ మీద నమ్మకం లేదంట!"

"లెఫ్టా రైటా చెప్పమనక్కా, గట్లనే పోదాం!" అని ముందునుంచి కేకేశాడు డ్రైవర్.

బస్సంతా నవ్వింది. మృదుల తల దించుకుని గీత వైపే చూస్తూ కూర్చుంది. కిటికీ బయటకు చూడనే లేదు. ఇబ్రహీంపట్నంలో దిగి, అక్కడినుంచి షేర్ ఆటోలో చెరువు కట్ట దాకా వెళ్లి, రికార్డింగ్ ఆపేసింది. రాత్రి ఫోన్‌లో ఒకసారి చూసుకుంది. ఎల్బీనగర్ నుంచి చెరువు దాకా చక్కటి ఊదారంగు గీత. ముచ్చటపడి దారిగా సేవ్ చేసింది.

ఆదివారం గుంపు బయలుదేరింది. "నా వెనక రండి" అంది మృదుల. కొంచెం గట్టిగానే అంది.

సాగర్ రింగ్ రోడ్డు దాటేదాకా మిషన్ నోరెత్తలేదు. బీఎన్‌రెడ్డి నగర్ దగ్గర గీత కొద్దిగా ఎడమకు జరిగి, మళ్లీ రోడ్డు మీదికొచ్చింది. మృదుల కూడా జరిగి వచ్చింది. వెనక అందరూ జరిగి వచ్చారు. తుర్కయంజాల్‌లో మళ్లీ అంతే. రాగన్నగూడలో మళ్లీ అంతే. రోడ్డు పక్క నిలబడ్డవాళ్లు ప్రతిచోటా ఆశగా ముందుకొచ్చి, సైకిళ్లని చూసి వెనక్కి తగ్గుతున్నారు.

"మృదులా, ఆడాడ ఎవర్నన్న ఎక్కించుకునేది ఉందా?" అని వెనకనుంచి అరిచింది గ్రేస్.

గీత గుంతలు తప్పిస్తోందేమో అనుకుంది మృదుల. పోయినసారి ఆలోచించి చెడింది. ఈసారి ఆలోచించదల్చుకోలేదు.

ఇబ్రహీంపట్నం వచ్చింది. గీత రోడ్డు వదిలి పక్కకు తిరిగింది. మృదుల చెయ్యి చాపి సైగ చేసి తిరిగింది. వెనక సైకిళ్లన్నీ, హెల్మెట్లతో, మెరిసే చొక్కాలతో, ఒకదాని వెనక ఒకటి బస్టాండ్‌లోకి వచ్చాయి. వచ్చి, ప్లాట్‌ఫారం వెంబడి పద్ధతిగా ఆగాయి.

మైకులో దేవరకొండ బస్సు గురించి చెబుతున్న గొంతు ఆగిపోయింది. ఒక క్షణం తర్వాత అదే గొంతు, "సైకిళ్లోళ్లు జర పక్కకు జరుగుండ్రి. ఎనక బస్సున్నది" అంది.

మృదులకు ఇంకా అర్థం కాలేదు. గీత ముందుకు పోతూనే ఉంది మరి. ప్లాట్‌ఫారం చివర మూలకు తిరిగింది. ఆ మూలన గోడ మీద స్త్రీలు అని రాసి, కింద ఒక ఆడమనిషి బొమ్మ ఉంది.

అప్పుడు అర్థమైంది. నిన్న బస్సు దిగి తను వెళ్లింది అక్కడికే. తర్వాత గీత ఎటు పోతుందో కూడా ఇప్పుడు తెలుసు. చెరుకురసం బండి దగ్గరికి.

కృష్ణన్న సైకిల్ తోసుకుంటూ వచ్చాడు. "మనం చెరువుకు గద మృదులా పోవాల్సింది?"

చాయ్ తాగుదామని తెచ్చానంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ పొద్దస్తమానం పక్కవాళ్ల తప్పులు బయటపెట్టే మనిషికి సొంత తప్పు దాచడంలో ప్రాక్టీసు ఉండదు.

"అన్నా, నిన్న బస్సుల వచ్చి రికార్డ్ చేసిన. బస్సు యాడికి పోయిందో మనం గూడ ఆడికే వచ్చినం."

"అంటే గా బస్టాపులన్నిట్ల..."

"అవునన్నా. స్టేజీలే అవి."

కృష్ణన్న మైకు వైపు, మూలన ఉన్న బొమ్మ వైపు చూశాడు. ఆయన ఇది కూడా మర్చిపోడు. బ్యాచ్ పోయిందనుకుంది మృదుల. పోనీ గ్రేస్‌కే ఇవ్వమని తనే చెబుదామని వెనక్కి తిరిగింది. గ్రేస్ లేదు. గుంపులోని మిగతా ఆడవాళ్లూ లేరు. సైకిళ్లు మాత్రం గోడకు ఆనించి ఉన్నాయి.

కాసేపటికి ఆ మూలనుంచి ఒక్కొక్కరే వచ్చారు. గ్రేస్ తడి చేతులు గాల్లో దులుపుకుంటూ వచ్చింది.

"అన్నా, రైడ్‌ల మేము నీళ్లెందుకు తాగమో ఎప్పుడన్న అడిగినవా?"

"తాగరా?"

"సైకిళ్లు చూడు."

కృష్ణన్న చూశాడు. మగవాళ్ల సీసాలు అడుగంటాయి. ఆడవాళ్లవి నిండుగా ఉన్నాయి.

"మీకైతే రోడ్డు పక్కన యాడైనా నడుస్తది" అంది గ్రేస్. "మేం ఇంటికి పోయేదాక ఓపాలె. నేనొచ్చినకాడికెల్లి బాత్రూం ఉన్న జాగల మనం ఆగుడు ఇదే మొదలు. నేను లీడ్ చేసినా మీ లెక్కనే నేరుగ చెరువుకు తీస్కపోదును. నాగ్గూడ సోయి లేదు. బ్యాచ్ ఆమెకే ఇయ్యి."

"నేను అనుకోని చేయలేదక్కా..." అంది మృదుల.

"తెల్సు. నీకంత తెలివి ఉంటే వెంచర్లకు ఎందుకు తీస్కపోతవు?" అని సీసా మూత తీసి గటగటా తాగింది గ్రేస్.

కృష్ణన్న హెల్మెట్ తీసి తల గోక్కున్నాడు. "సరే, ఆడోళ్ల బ్యాచ్ నీదే. మాకు మాత్రం నువ్వు దారి చూపియ్యకు తల్లీ."

ఇప్పుడు ప్రతి శనివారం మృదుల ఏదో ఒక బస్సెక్కుతోంది. చౌటుప్పల్, యాచారం, మాల్ అనే ఊరు. మ్యాప్ ఉన్న మిషన్‌కు మారవే అని ఆఫీసులో అందరూ అంటున్నారు. మారలేదు. ఆడవాళ్ల బ్యాచ్ ఆమె వెనకాలే ప్రతి స్టేజీలో ఎడమకు జరిగి, మళ్లీ రోడ్డెక్కి, ఒక్కో బస్టాండ్‌కూ చేరుతోంది. నీళ్లు తాగుతోంది.

మరి మీ మిషన్ మిమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్లి వదిలింది? ఏది కొన్నారు, మ్యాపా, గీతా? కింద రాయండి. సైకిల్ తొక్కే ఆడవాళ్లయితే, ఏ రోడ్డు మీద ఎక్కడ ఆగొచ్చో, అక్కడ తలుపుకు గడియ ఉందో లేదో కూడా రాయండి. మృదులకు చేరవేస్తాను.