తడి రంగు

"ల్యాప్‌టాప్‌కి గదెందుకు? వంటింటి గట్టు చాలదూ?" అన్నాడు భర్త.

ఆ మాట అని రెండేళ్లయింది. ఆ రోజే వెనక గదిలో ఆమె బొమ్మలు వేసుకునే బల్ల అటకెక్కింది. ఆ గదిలోకి ఆయన కుర్చీ, ఆయన ఫైళ్లు వచ్చాయి. అప్పటినుంచీ డ్రాయింగ్ టీచర్ వంటింటి గట్టు మీదే పోస్టర్లు చేస్తోంది. ఈ ఉదయం కూడా కూరల తొక్కలు పక్కకి తోసి, తెర మీద అక్షరాలు సర్దుతోంది. పక్కనే పాలు కాగుతున్నాయి. "పాలు చూస్తూ చేసుకోవచ్చుగా. నీ బొమ్మలేమన్నా పొంగిపోతాయా?" అన్నది అత్తగారు.

నూనె రంగులతో వేసే రోజుల్లో ఇలా ఉండేది కాదు. "రంగు తడిగా ఉంది" అంటే చాలు, అత్తగారు గుమ్మం దగ్గరే ఆగిపోయేది. భర్త చొక్కా చూసుకుని వెనక్కి తిరిగేవాడు. ఆమె మీద గౌరవం కాదు, మరకలంటే భయం. ఏదైతేనేం, రంగు ఆరేదాకా ఆమె సమయం ఆమెదే. తెర మీద రంగు తడిగా ఉండదు. ఎవరైనా ఎప్పుడైనా పిలవచ్చు, చెయ్యి వేసి మూసెయ్యచ్చు.

ఆమె పోస్టర్లు చేసే డిజైన్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆమెను రాయబారి టీచర్ అంది. పదవి ఘనం, జీతం సున్నా. మగవాళ్ల కొలతతో ఒక టీషర్టు పంపారు. దాన్ని తొడుక్కుని భర్త బండి కడుగుతాడు. "రాయబారిగారూ, కాఫీ" అని కేకేస్తాడు. ఆమె పని, బళ్లు తిరిగి, ఆ సాఫ్ట్‌వేర్‌తో పాఠాలూ పోస్టర్లూ చేయడం టీచర్లకు నేర్పడం. మొదట్లో నమ్మకంతోనే చెప్పింది. గీత సరిగ్గా గీయలేని పిల్ల తన కథకి తనే అట్ట చేసుకుని గుండెకు హత్తుకోవడం కళ్లారా చూసింది. "రెండు గంటల పని పది నిమిషాల్లో" అని ప్రతి బళ్లోనూ చెప్పింది.

ఆ మాట ఆమె కంటే ముందే ఇంటికి చేరింది. "పది నిమిషాల పనేగా వదినా" అని ఆడపడుచు పిల్ల పుట్టినరోజు కార్డు అడిగింది, పదకొండు సార్లు దిద్దించింది. "పది నిమిషాలేగా" అని భర్త తన ఆఫీసు సభల పోస్టర్లన్నీ తెచ్చి పడేశాడు. అందరి పదేసి నిమిషాలూ కలిసి ఆమె ఆదివారాలు మింగేశాయి.

ఈ రోజు శిక్షణ ఆమె బళ్లోనే. క్లాసులో వాడతామని నలభై మంది టీచర్లు సంతకం పెడితే కంపెనీ పది ల్యాప్‌టాప్‌లు ఇస్తుంది. నెల రోజులు ఒక్కొక్కరినీ బతిమాలింది. ముప్పై తొమ్మిది అయ్యాయి.

హెడ్మాస్టరు లేచాడు. "ల్యాప్‌టాప్‌లు రాగానే డ్రాయింగ్ గది ఖాళీ చేసేద్దాం. స్టాఫ్ రూము ఇరుగ్గా ఉంది. ల్యాప్‌టాప్‌కి గదెందుకు?"

ఆమె చేతిలోని సంతకాల కాగితం వైపు చూసుకుంది. అదే మాట. ఇంట్లో ఒక గది పోయింది, ఇక్కడ పిల్లల గది పోతోంది. దానికి సంతకాలు తనే పోగు చేసింది.

మిగిలిన ఒక్క సంతకం కుట్టు టీచరమ్మది. రిటైర్మెంటుకి దగ్గరపడింది. కళ్లజోడు తుడుచుకుంటూ, "ఒక మాట అడుగుతానే. ఏమీ అనుకోకు" అంది.

"అడగండక్కా."

"గంటలు మిగులుతాయంటున్నావు. నీ ఇంట్లో మిగిలినవి ఎవరికి పోయాయి?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టింది.

"మా ఆయనకి, మా ఆడపడుచుకి. ఇప్పుడు గది ఈ సారుకి," అంది.

"మరి నన్ను పెట్టమంటావా సంతకం?"

"వద్దక్కా."

హెడ్మాస్టరు నవ్వాడు. "బావుంది వరస. పెళ్లికూతురే పెళ్లొద్దంటోంది. ఒక్కటేగా తక్కువ, నేను పెడతాను" అని కాగితం లాక్కుని నలభయ్యో సంతకం పెట్టాడు. ఆ సాఫ్ట్‌వేర్‌ని ఆయన ఒక్కసారైనా తెరిచిన పాపాన పోలేదు. "సాయంత్రానికి ఆ గదిలో రంగు డబ్బాలవీ తీయించండి మేడం, చెత్తలోకి."

ఆమె తీయించలేదు. తనే తీసింది. నాటకాల తెరలకు వాడిన నీలం ఎనామిల్ డబ్బా ఒకటి, వెడల్పు కుంచె ఒకటి సంచిలో వేసుకుని ఇంటికి వచ్చింది. వంటింటి గట్టు మీది పొయ్యి నేల మీదికి దించింది. గిన్నెలు కింద పెట్టింది. ల్యాప్‌టాప్ మూసి భర్త ఫైళ్ల మీద పెట్టి వచ్చింది. ఈ చివరినుంచి ఆ చివరికి, ఒక్క జానెడు వదలకుండా, గట్టంతా నీలం పూసింది.

వాసనకి అత్తగారు వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయింది. వెనకే భర్త వచ్చాడు.

"ఏమిటిది? వంటెక్కడ చేస్తావు?"

ఆమె కుంచె గుడ్డకి తుడుచుకుని, పీట వాల్చుకుని వంటింటి మధ్యలో కూర్చుంది.

"రంగు తడిగా ఉంది" అంది. "ముట్టుకోకండి."